నిద్రలో కలిపిన ట్రంక్‌కాల్

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. టెలిఫోన్ ఆపరేటర్‌గా ఎన్నో నైట్ డ్యూటీలు చేశాను. ఎక్స్ఛేంజిలో తోటివాళ్లు భయపడే చప్పుళ్లన్నీ నా లెక్కలో ఎలుకలే. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. కానీ ఎనభైల మొదట్లో, హనుమకొండలో మా ఇంట్లో పట్టపగలు జరిగిన ఈ సంగతిని మాత్రం ఏమనాలో తెలియదు.

ఆ వానాకాలం కొన్నాళ్లు సెలవు పెట్టాను. పెళ్లి లేదు, జాతర లేదు, ప్రయాణం లేదు. ఊరికే ఇంట్లో ఉండాలని. నా పక్క సీటు సుగుణ "సెలవంత ఆగం చేసుకుంటున్నవ్" అని తిట్టింది.

ఎంత హాయిగా ఉండిందో! చెవులకు హెడ్‌సెట్ లేకపోవడమే ఒక పండుగ. అత్తమ్మ మక్కకంకులు కాల్చి ఇస్తే అరుగు మీద కూర్చుని వాన చూస్తూ తినేదాన్ని. వీధిలో ఎవరైనా "హలో" అంటే పలికేదాన్ని కాదు.

ఒక మధ్యాహ్నం పప్పుచారు, గుడ్డు పొరటుతో కడుపునిండా తిని చాప మీద ఒళ్లు మరిచి నిద్రపోయాను. అత్తమ్మ పక్కనే కూర్చుని బియ్యం ఏరుతోంది. నేను నిద్రలో మాట్లాడానట.

"డోర్నకల్, చెప్పండి" అన్నానట. కాసేపాగి, "ఏడ్వకు తమ్మీ, నీ భార్య కాన్పు మంచిగైతది. రైలెక్కించినవ్ గదా. దవాఖానకు కలుపుతున్న, స్టేషన్‌కు బండి పంపుతరు" అని, మళ్లీ గురక.

లేచాక నాకు ఒక్క ముక్క గుర్తులేదు. సాయంత్రం మా ఆయన, నేను కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. జీతం లేని డ్యూటీ చేస్తున్నావని ఆయన ఎగతాళి. అత్తమ్మ మాత్రం నవ్వలేదు.

మర్నాటి నుంచి అన్నం తినడం ఆలస్యం, తనే చాప పరిచేది. "జర మళ్ల పండుకో బిడ్డా, ఆ పిల్లకు కాన్పు అయ్యిందో లేదో అడుగు" అనేది. నాకేం, సుఖంగా పడుకునేదాన్ని. కళ్లు తెరవగానే ఎదురుగా ఆమె ముఖం. ఏమీ తెలియలేదంటే నిట్టూర్చి లేచి వెళ్లిపోయేది.

సెలవు అయిపోయి డ్యూటీకి వెళ్లాను. గేటు దగ్గర ఒకతను మిఠాయి పొట్లంతో కూర్చుని ఉన్నాడు. ఎవరు కావాలని అడిగాను. నా గొంతు వినగానే లేచి నిలబడి, "అక్కా, నువ్వే!" అన్నాడు.

అతనిది డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం. భార్యకు కాన్పు కష్టమైంది. డ్యూటీ వదిలి కదల్లేక ఆమెను తల్లితో రైలెక్కించి, ఇక్కడి దవాఖానకు ట్రంక్‌కాల్ చేశాడట. రైలు దిగేసరికి వరంగల్ స్టేషన్ బయట బండి తయారుగా ఉందట. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదని డాక్టరమ్మ అన్నదట. ఆపరేటర్ ఏమన్నదని అడిగితే, అత్తమ్మ విన్న మాటలే చెప్పాడు. ఆ "తమ్మీ"తో సహా.

అతను కాల్ చేసింది నేను నిద్రలో మాట్లాడిన మధ్యాహ్నమే. అప్పుడు స్విచ్‌బోర్డు మీద ఉన్నది సుగుణ. వానకు డోర్నకల్ లైను పొద్దుటి నుంచి పనిచేయనే లేదని, ఆ కాల్ తాను కలపలేదని బైబిల్ మీద ఒట్టేసింది. దవాఖానలో అడిగితే, ఫోన్ వచ్చిన మాట నిజమేనన్నారు.

ఇంటికి రాగానే అత్తమ్మకు అంతా చెప్పబోయాను. లైను పనిచేయకపోవడం, నా గొంతు, ఇవేవీ ఆమె చెవికెక్కలేదు.

"ఆ పిల్ల మంచిగున్నదా? ముందు అది చెప్పు."

"తల్లీ బిడ్డా మంచిగున్నరు అత్తమ్మా. ఆడపిల్ల."

ఆమె గోడకానుకుని కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. మా ఆయనకంటే ముందు తనకొక ఆడపిల్ల పుట్టిందని, దవాఖానకు పోవడానికి బండి దొరక్క ఆ బిడ్డ దక్కలేదని అప్పుడు చెప్పింది. మా ఆయనకు కూడా ఆ సంగతి తెలియదు.

ఆ కాల్ ఎలా కలిసిందో ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు. నిద్రలో మాట్లాడింది నేనే. కానీ ఆ పిల్ల కోసం మేలుకుని పక్కన కూర్చున్నది అత్తమ్మ. కలిపింది మా ఇద్దరిలో ఎవరో ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను.