గుమానీ బోర్డు సుగుణక్క

మొన్న పొద్దున తుర్కయాంజాల్ దగ్గర షేర్ ఆటోలో నలుగురి మధ్య నలుగుతూ కాలేజీకి వస్తుండగా నా సెల్‌ఫోను మోగింది. మా వాచ్‌మన్ మల్లయ్య.

“అన్నా, సుగుణక్క ఇగ లేదే.”

“ఇంకా రాలేదా? ఫోన్ చేసి కనుక్కో మరి” అన్నాను. అవతల ఏడుపు వినబడింది. అప్పటికి గాని నా మందబుద్ధికి విషయం ఎక్కలేదు. జ్వరమని హయత్‌నగర్ దవాఖానలో చేరిన మనిషి, వారం తిరగకుండానే నవ్వుతూ వస్తుందనుకున్న మనిషి, గుండె ఆగి వెళ్ళిపోయింది. సర్వర్ ఎందుకు ఆగిందో చిటికెలో ఆరా తీయగల ధీమతి, తన గుండె ఎందుకు ఆగిందో చెప్పే వ్యవధి మాకివ్వలేదు.

ఇబ్రహీంపట్నంలోని మా ఇంజనీరింగు కాలేజీలో చదివిన వారికి సుగుణ మేడం పరిచయం అక్కర్లేదు. చదవబోయే వారి కోసం నాలుగు మాటలు. సాగర్ రోడ్డు పొడుగునా పొలాలు ప్లాట్లయి, చేన్లల్లో జొన్నకు బదులు హద్దురాళ్ళు మొలుస్తున్న రోజులివి. ఎంసీఏ చదివిన ప్రతి ఒక్కరూ నగరానికి ఆ చివరనున్న అద్దాల మేడలకు బస్సెక్కుతుంటే, ఈమె ఎదురు బస్సెక్కి మా కంప్యూటర్ విభాగానికి వచ్చింది. ఎందుకక్కా అంటే, “గాడ నా అసొంటోళ్ళు మస్తుమంది ఉన్నరు. గీడ పడ్డ సర్వర్‌ను లేపెటోళ్ళు లేరు గదనే” అనేది. నేను ల్యాబ్ అసిస్టెంట్‌ను. సర్వర్ గది తాళంచెవి నా దగ్గరుండేది, దాని లోపలి సంగతి ఆమె దగ్గరుండేది. మా మధ్య బాధ్యతల విభజన అంత స్పష్టం.

ఆమె తండ్రి మంచాల ఊరి దిక్కు రైతు. మధ్యాహ్నం పూట ఎప్పుడైనా బిడ్డకు సద్ది తెచ్చేవాడు. ఆయన దృష్టిలో సర్వర్ అంటే హోటల్లో ఇడ్లీలు తెచ్చిపెట్టేవాడే. ఒకసారి గుమ్మంలో నిలబడి, “బిడ్డా, సర్వర్ మల్ల పడ్డడా?” అని అడిగాడు.

“పడ్డడు బాపూ.”

“దెబ్బ తాకిందా?”

“తలకే తాకింది.”

“జర నిలబడెటోణ్ణి పెట్టుకోరాదు మరి!” అని ఆయన నిజంగానే బాధపడ్డాడు. అక్క నవ్వలేదు. “సార్లకు చెప్తా బాపూ” అని డబ్బా అందుకుంది. ఆయన వెళ్ళాక మాత్రం కీబోర్డు మీద తలపెట్టి అరగంట నవ్వింది. ఆ నవ్వుకు తెర మీద ఒకటే అక్షరం పేజీలకు పేజీలు పడింది.

ఇక ఆమె పద్ధతి. సర్వర్ కూలితే ప్రపంచంలో అందరూ చేసే పని దాన్ని ఆపి మళ్ళీ నడపడం. ఆమె రాజ్యంలో అది నిషిద్ధం. మొదట లాగ్, అంటే సర్వర్ తన కష్టసుఖాలు తానే రాసుకునే ఫైలు, ఒకరు పైకి చదవాలి. లాగ్ చదవమంటే నేను లాగి లాగి చదివేవాణ్ణి. మిగతావారు చేతులు కట్టుకొని వినాలి. తరువాత ఎవరి అనుమానం వారు గోడకున్న బోర్డు మీద పేరుతో సహా సుద్దముక్కతో రాయాలి. దానికి మేము పెట్టుకున్న పేరు గుమానీ బోర్డు. ఒక్కొక్క గుమానీనే పరీక్షించాలి, ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. తప్పని తేలితే పేరు పక్కన సున్న. ఆ సున్నను సాయంత్రం దాకా ఎవరూ తుడవకూడదు. విభాగం పెద్ద హెచ్చోడీ అయినా సరే, ఆమె అయినా సరే. నేను ఎల్లవేళలా ‘కరెంటు’ అని రాసేవాణ్ణి. ఆ బోర్డు మీద నా పేరు పక్కన ఉన్నన్ని సున్నలు నా జీతం పక్కన ఉంటే ఈపాటికి మన్నెగూడలో రెండు ప్లాట్లు కొనేవాణ్ణి.

ఆ పద్ధతి విలువ మాకు తెలిసివచ్చింది కంపెనీ ఉద్యోగాల కోసం పెట్టే క్యాంపస్ పరీక్ష రోజున. అంతవరకు ఏ కంపెనీ మన్నెగూడ దాటి మా వైపు చూసింది లేదు. ఎంతో బతిమాలగా ఒక్క కంపెనీ వచ్చింది. పరీక్ష మా సర్వర్ మీదే నడవాలి. పొద్దున అధికారి వచ్చి పరీక్ష పేజీ తెరవగానే సర్వర్ కూలింది. లేచింది. మళ్ళీ పేజీ అడగగానే మళ్ళీ కూలింది. ఆయన గడియారం చూసుకుని, “భోజనం వేళకు నడిస్తే సరే, లేకుంటే ఇంకో కాలేజీకి పోతాం” అన్నాడు. బయట వరండాలో ఫైనలియర్ పిల్లలు ఇస్త్రీ బట్టల్లో బిగుసుకుని కూర్చున్నారు. ఈ కంపెనీ పోతే ఆ బ్యాచికి ఆ ఏడు మరో దిక్కు లేదు.

ప్రిన్సిపాల్ గారు చెమటలు కక్కుతూ వచ్చారు. “మేడం, మొత్తం తీసేసి మళ్ళ వేయరాదూ!”

“మొత్తం తీస్తే రోగం గూడ పోతది సార్, ఏం రోగమో తెల్వకుంటనే పోతది. మల్ల పిల్లలు పరీక్ష రాస్తుంటే నడిమిట్ల వస్తది. జర ఆగున్రి” అని అక్క ఆయన చేతికి సుద్దముక్క ఇచ్చింది. ఆయన నిస్సహాయంగా ‘వైరస్’ అని రాశారు. నేను సంప్రదాయాన్ని కాపాడాను. అక్క ‘మెమరీ నిండింది’ అని రాసింది. ఆ గదిలో సాధన చేసుకోవడానికి వచ్చే విద్యార్థిని స్వప్నను కూడా వరండాలోంచి పిలిచింది. పరీక్ష రాయవలసిన పిల్ల. లాగ్ విన్నది. సుద్ద అందుకోవడానికి జంకింది.

“రాయ్ బిడ్డా, ఫికర్ జేయకు. సున్న వస్తే సార్ పక్కన కూసుంటవ్, గంతే.”

స్వప్న తల్లి మన్నెగూడలో జాకెట్లు కుడుతుంది. పిల్ల ఆ భాషలోనే చెప్పింది: “మేడం, నిన్న మనం కంపెనీ కోసం కొత్త పీహెచ్‌పీ ఏసినం గద. పాతది గూడ మిషిన్ల అట్లనే ఉన్నది. డేటాబేస్ మాడ్యూల్ పాత కొలతకు కుట్టి, కొత్తదానికి తొడిగినమేమో అనిపిస్తున్నది.”

పీహెచ్‌పీ అంటే సర్వర్‌లో పరీక్ష పేజీని తయారుచేసే సాఫ్ట్‌వేర్. మాడ్యూల్ అంటే దానికి ఒక అదనపు పని నేర్పే చిన్న ప్రోగ్రాం. ప్రశ్నలను డేటాబేస్ నుంచి పరీక్ష పేజీకి మోసుకువచ్చేది అదే. ఆ మాటలోనే మాడు ఉంది, పగిలేది ఎప్పుడూ మాదే. ముందురోజు దాన్ని వేసింది అక్కే. తెర మీద ‘విజయవంతంగా ఇన్‌స్టాల్ అయింది’ అని కూడా వచ్చింది.

మొదట కరెంటు. సున్న. వైరస్. సున్న, ప్రిన్సిపాల్ గారు నావైపు సాటి బాధితుడిలా చూశారు. తరువాత మెమరీ. సగం కూడా నిండలేదు. అక్క ఒక్క క్షణం తటపటాయించకుండా తన పేరు పక్కన మా అందరి సున్నలకన్నా పెద్ద సున్న చుట్టింది. ఇక స్వప్నది. ఒకే ఒక్క మార్పు: ఆ మాడ్యూల్‌ను పక్కకు తీశాం. పేజీ అడిగాం. ప్రశ్నలు రాలేదు గాని సర్వర్ పడలేదు! మళ్ళీ అడిగాం. నిలబడింది! ఆ మాడ్యూల్ ఏ వెర్షన్ కోసం తయారైందో తీసి చూస్తే, పాతదే!

“దొరికిండు దొంగ!” అని అక్క కుర్చీలోంచి ఎగిరిన ఎగురుకు కుర్చీ వెనక్కి పడింది. మల్లయ్య లాఠీతో ఉరికివచ్చాడు, “యాడక్కా, యాడ?” అంటూ. నవ్వడానికి కూడా తీరిక లేదు. మాడ్యూల్‌ను మళ్ళీ తయారు చేయబోతే మిషన్ అలవాటు కొద్దీ పాత పనిముట్లనే పిలిచింది. మళ్ళీ పాత కొలతే వచ్చింది. “దీని తెలివి సల్లగుండ! దారి పూర్తిగ చెప్పు దానికి, కొత్త ఇంటికి పొమ్మను!” అని అక్క కొత్త పీహెచ్‌పీ ఉన్న చోటు చదివి చెబుతుంటే స్వప్న టైపు చేసింది. తెర మీద వరుసలు జలపాతంలా దిగాయి. సర్వర్ లేచింది. పేజీ అడిగాం. మొదటి ప్రశ్న, నాలుగు జవాబులతో సహా, కళకళలాడుతూ ప్రత్యక్షమైంది! ఆ గదిలో పుట్టిన కేక బస్టాండు దాకా వినబడి ఉంటుంది.

కేక విని కంపెనీ అధికారి లోపలికి వచ్చాడు. ప్రిన్సిపాల్ గారు గొంతు తగ్గించి, “మేడం, ముందు గా బోర్డు తుడువున్రి. సర్వర్ గది ఇన్‌ఛార్జికే సున్న అంటే మన ఇజ్జత్ ఏం గావాలె?” అన్నారు.

“సాయంత్రం దాంక తుడువ సార్. గా సున్న నాది. కావాలంటే మీది తుడుసుకోన్రి.”

ఆయన నవ్వారు. తనదీ తుడవలేదు. స్వప్న సుద్దచేతులతోనే పరుగెత్తి పరీక్ష రాసింది. సర్వర్ ఒక్కసారి కూడా తూలలేదు. సాయంత్రం ఎంపికైన వారి పేర్లు చదివినప్పుడు వరండా అంతా దద్దరిల్లింది. వాటిలో స్వప్న పేరూ ఉంది. ఆ పిల్ల కన్నీళ్ళతో అక్క దగ్గరికి వచ్చి, “మేడం, అందరి ముందల మీది తప్పని తేలె. కోపం రాలేదా?” అని అడిగింది.

“కోపమా? నాదే కరెక్టైతే ఇయ్యాల నాకు కొత్తగ తెలిసిందేంది, చెప్పు? నాకు తెల్వనిది పట్టుకున్నవ్ నువ్వు. గింతకంటే ఏం గావాలె నాకు? పో బిడ్డా, అమ్మకు చెప్పు పో.”

స్వప్న వెళ్ళాక, మసక చీకట్లో బోర్డు ముందు నిలబడి తన సున్నను కొంచెంసేపు మురిపెంగా చూసుకుని, అప్పుడు తుడిచింది.

ఆమె కుర్చీలోకి రేపో మాపో ఎవరో వస్తారు. నగరంలో నిపుణులకు కొదవలేదు. సర్వర్లూ లేస్తాయి. కాని తన అంచనా తప్పిందని తెలిసిన క్షణాన కళ్ళు మెరిసే పెద్దమనిషి మాకు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? స్వప్న నిన్న ఫోన్ చేసి, ఆ రోజు అక్క చుట్టిన పెద్ద సున్న గురించే చెప్పుకుంది. అక్కా, నీ తప్పు చూపి నిన్ను సంతోషపెట్టే భాగ్యం మాకిక లేదు. నీకివ్వడానికి మా దగ్గర ఈ నమస్కారం తప్ప ఇంకేమీ మిగల్లేదు.