అద్దం బీరువాలో నెట్‌వర్క్

2016 జూన్‌లో శ్రీకాకుళం ఊరి చివర ఒక డిగ్రీ కాలేజీకి నన్ను సిస్టమ్ అడ్మినిస్ట్రేటరుగా వేశారు. పేరు ఘనమే. ఔట్‌సోర్సింగ్ మనిషిని గనక హోదాలో అటెండరు కంటే కిందే. టెలిఫోను తీగలు లాగుతూ, దొరికిన మాన్యువల్ ప్రతిదీ చదివి ఈ పని నేర్చుకున్నాను. నాకు డిగ్రీ లేదని గుర్తు చేయని ప్రిన్సిపాల్ నా సర్వీసులో లేడు.

కాలేజీ నెట్‌వర్క్ మొత్తం మార్చడం నా పని. బిల్డింగుల మధ్య రాగి తీగ బదులు ఫైబర్ వేశాం. కేబుళ్లన్నీ వచ్చి కలిసే కోర్ స్విచ్‌ని ఆఫీసు పక్కగదిలో, అద్దం తలుపున్న బీరువాలాంటి ర్యాక్‌లో బిగించాం. ఈ పనికో పద్ధతుంది. కొత్తది కొన్నాళ్లు సాఫీగా నడిచేదాకా పాతది విప్పకూడదు. ఆ మాట ప్రిన్సిపాల్‌గారికి చెప్పాను.

ఆయన ధ్యాసంతా కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ మీద. పాత స్విచ్‌లు చూడ్డానికి బాగోలేవని విప్పించి సైకిల్ షెడ్డులో పడేయించారు. కొత్త ర్యాక్‌కి పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టారు. స్విచ్ మీది ప్లాస్టిక్ కవరు తీయనివ్వలేదు. కొత్తదని కమిటీకి తెలియాలట. ల్యాబ్ కేబుళ్లని స్విచ్‌కి కలిపే ప్యాచ్ కార్డులు, జానెడేసి తీగ ముక్కలు, వేలాడితే ఫొటోలో అసహ్యంగా ఉంటాయని పీకించారు. తన గదిది మాత్రం ఉంచుకున్నారు. ర్యాక్ తలుపుకి తాళం వేసి, తాళంచెవులు రెండూ జేబులో వేసుకున్నారు. కమిటీ వాయిదా పడుతూ వచ్చింది. వర్షాకాలమంతా ల్యాబ్‌లో నెట్ లేదు.

అప్పుడొక కంపెనీ ఫైనలియర్ పిల్లలకి ఉద్యోగ పరీక్ష పెట్టింది. ఆన్‌లైన్‌లో, మా కాలేజీ కనెక్షన్ మీద మాత్రమే తెరుచుకుంటుంది. ఆ పూట తప్పితే మళ్లీ లేదు. వచ్చి తాళం తీస్తానన్న ప్రిన్సిపాల్‌గారు పొద్దున్నే మీటింగుకని విశాఖపట్నం వెళ్లిపోయారు, తాళంచెవులతో సహా. ఆయన గదికీ తాళమే.

షెడ్డులోంచి పాత స్విచ్‌లు తెచ్చి పెట్టి చూశాను. వానకి తడిసి ఒక్కటీ వెలగలేదు. ఆయనకి ఫోన్ చేసి, అద్దం పగలగొడతాను, కొత్తది నేనే వేయిస్తానన్నాను. ముట్టుకుంటే పోలీసు కేసు పెడతానన్నారు. నన్ను నమ్మక అటెండరుకి కూడా ఫోన్ చేసి ర్యాక్‌కి కాపలా పెట్టారు.

"మావా, నా ఉజ్జోగం ఊడగొట్టకు," అన్నాడు అటెండరు. "నీదేటి, రేపు ఇంకో కాలేజీకి పోతావు."

ఆ పిల్లల్లో గౌరి అని ఒకమ్మాయి ఉండేది. సముద్రం ఒడ్డున భావనపాడు వాళ్లది. తండ్రి చేపల వేటకెళ్తాడు, తల్లి చేపలమ్ముతుంది. ఈ ఉద్యోగం రాకపోతే తనతోపాటు గంప ఎత్తాల్సిందేనని తల్లి తేల్చి చెప్పిందట. ఆ అమ్మాయి వచ్చి అద్దంలోంచి చూసింది.

"లోపల దీపాలు ఎలుగుతన్నాయి కదా సార్. మరి మాకేటి రాదు?"

ల్యాబ్‌కి తగిలించాల్సిన ముక్క నా చేతిలోనే ఉందనీ, పెట్టాల్సిన చోటు అద్దం అవతల ఉందనీ చూపించాను.

"ఈ జానెడు ముక్క కోసమేటి సార్?" అంది.

అటెండరు తల దించుకున్నాడు, పక్కకి మాత్రం జరగలేదు. పరీక్ష వేళ దాటిపోయింది. పిల్లలు బస్సులకి వెళ్లిపోయారు.

తర్వాత కమిటీ వచ్చింది, ర్యాక్‌ని మెచ్చుకుంది, మంచి గ్రేడిచ్చింది. ప్రిన్సిపాల్‌గారికి సన్మానం చేశారు. ల్యాబ్‌కి నెట్ ఇచ్చేసరికి ఆ బ్యాచ్ కాలేజీలో లేదు. మరుసటేడు గౌరి మార్కెట్లో తల్లి పక్కన కూర్చుని నాకు కానాగంత చేపలు తూచి ఇచ్చింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి చెప్పేది ఇది. చివరి బల్ల మీది కంప్యూటర్లో ఒక విద్యార్థి పని చేసుకోగలిగినప్పుడే నెట్‌వర్క్ పని ముగిసినట్టు. అంతవరకు పాత తీగ విప్పమని ఎవరన్నా విప్పకండి. ర్యాక్ తాళానికి రెండు చెవులొస్తాయి. ఒకటి మీకివ్వకపోతే పని ఒప్పుకోకండి. ఆనాడు నేను ఒప్పుకోకపోతే ఇంకొకణ్ణి తెచ్చుకునేవారు. అదీ నాకు తెలుసు.