దర్జీగారి దవడ పన్ను

ముందు గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో అద్దం కదిలిన చప్పుడు, నిద్రలో ఎవరివో గాజులు కదిలినట్టు. ఆ తర్వాతే ఆమె వస్తుంది, మెడలో కెమెరాతో. పళ్ళ ఆసుపత్రిలో ఫోటోలు తీయడం ఆమె పని. చల్లటి అద్దం నోట్లో పెడితే ఊపిరికి మసకబారుతుంది, అందుకే దాన్ని వెచ్చబెడుతుంది. పదకొండేళ్ళుగా ఆ అద్దంలో ఎన్ని నోళ్ళు చూసిందో. ఒక్కోటీ తెల్లవారకముందు వీధిలా ఉంటుంది ఆమెకి: ఎర్రటి మసక వెలుగు, వరసగా మూసిన తెల్లటి తలుపులు.

చూపించడానికి ఆమెకో పద్ధతి ఉంది. తెర మీద ముందు ముఖం, తర్వాత నవ్వు, తర్వాత ముందు పళ్ళు, చివరికి జబ్బుపడ్డ పన్ను. దర్జీగారు వచ్చిన రోజు జనం ఎక్కువ. అన్నీ తీసింది గాని, తిన్నగా దవడ పన్నే చూపించింది. తెర నిండా నల్లటి గుంట.

"ఇది నాది కాదమ్మాయ్," అన్నాడాయన. "ఎవరిదో తెచ్చి నాకు అంటగడుతున్నావ్."

"మీదే బాబాయ్. ఇప్పుడేగా తీశాను."

"నా పళ్ళతో అరవై ఏళ్ళ కాపురం నాది. నాకు తెలీదా?"

కుర్చీ దిగి చెప్పుల కోసం చూశాడు. గుంట నరానికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. ఇవాళ పూడిస్తే పన్ను నిలుస్తుంది, నాన్చితే పీకడమేనని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. తొందరపడి మనిషిని బెదరగొట్టింది తనేనని ఆమెకి తెలుసు.

"వెళ్దురుగాని, ఇది చూసి వెళ్ళండి," అంటూ మొదటి ఫోటో పెట్టింది. నెరిసిన మీసం. తర్వాత మొహమాటపు నవ్వు. తర్వాత ముందు పళ్ళు, ఒకదాని అంచున సన్నటి గాటు.

దర్జీగారు ఒంటి చెప్పుతోనే ఆగిపోయాడు. వేలితో తన పన్ను తడుముకున్నాడు.

"దారం కొరికి కొరికి పడిందిది," అన్నాడు మెల్లగా. "ఇది నాదే."

ఆమె ఆ గాటు దగ్గర్నుంచి ఒక్కో ఫోటోగా, చెయ్యి పట్టుకుని చీకట్లో నడిపించినట్టు, లోపలికి తీసుకెళ్ళింది. నల్లగుంట దగ్గరికి చేరేసరికి ఆయన చెప్పు విడిచి, తనంతట తానే కుర్చీ ఎక్కి నోరు తెరిచాడు.

పన్ను నిలిచింది. కుర్చీలో కూర్చున్న నాకు ఈ కబురంతా చెప్పి, అద్దం తుడుస్తూ ఆమె అంది:

"ఆ పన్ను ఫోటో అడిగి మరీ పట్టుకెళ్ళారండీ. ఇంట్లో పిన్నిగారు చూసి, ఇది మీది కాదు, ఎవరిదో ఇచ్చి పంపారు అన్నారట. నాదేనని బాబాయ్ ఇంకా వాదిస్తూనే ఉన్నారట."