కావాలని ఓడిపోయే తండ్రి

పాప బల్ల కిందికి దూరిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా అటెండరు మస్తాన్‌బీ గారు. "మేడమ్, ఆ కంకిపాడు కేసు పాప బల్ల కిందకెళ్ళి కూర్చుందండీ. వాళ్ళ నాన్న పిలుస్తుంటే రానంటంది. బిస్కెట్టు ఇస్తానన్నా రాలా," అని గుమ్మంలో నిలబడే చెప్పారు. విజయవాడలో కుటుంబ తగాదాలు వినే కోర్టులో నేను కౌన్సెలర్‌గా పనిచేస్తున్న చివరి కాలమది. కరోనా తగ్గి, మనుషులు మాస్కులు తీసి మళ్ళీ ఎదురెదురుగా కూర్చోవడం మొదలుపెట్టిన ఏడాది.

మా ఉద్యోగం గురించి చాలామందికి తెలియదు. కౌన్సెలర్ జడ్జీ కాదు, వకీలూ కాదు. భార్యాభర్తల కేసు దాఖలయ్యాక, వాదనలు మొదలు కాకముందే జడ్జిగారు దాన్ని మా గదికి పంపుతారు. రిఫర్ చేయడం అంటాం. రాజీ కుదురుతుందేమో చూడటం మొదటి పని. కుదరకపోతే కనీసం పిల్లల సంగతైనా తెగేలా చూడటం రెండోది. మా గదిలో వాళ్ళు చెప్పుకున్న మాటలు సాక్ష్యానికి పనికిరావు. అయితే తల్లి దగ్గర, తండ్రి దగ్గర పిల్ల ఎలా మసలుతోందో చూసి రాయమని జడ్జిగారు అడిగితే మాత్రం, చూసింది చూసినట్టు నివేదిక రాసి పంపాలి.

తండ్రి పేరు సురేష్. కంకిపాడులో ట్రాక్టరు విడిభాగాల దుకాణం. తల్లి మాధవి చల్లపల్లి అమ్మాయి, విజయవాడలో ఒక ల్యాబులో టెక్నీషియన్. విడిపోయాక కూతురు జాహ్నవి తల్లి దగ్గరే ఉండి రెండో తరగతి చదువుతోంది. నెలకు రెండు శనివారాలు మా ఆవరణలోని పిల్లల గదిలో తండ్రి పాపను చూసుకోవచ్చని ఉత్తర్వు ఉంది. అలా కాదు, శనివారం తీసుకెళ్ళి ఆదివారం సాయంత్రం దింపుతానని ఆయన పిటిషన్ వేశారు. నా నివేదిక అడిగింది దాని మీదే. పాప రానంటే రానందనే రాయాలి. అలా రాస్తే కొత్త అనుమతి రాకపోవడం అటుంచి, ఉన్న రెండు శనివారాలకే ఎసరు రావచ్చు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

నేను వెళ్ళేసరికి ఆయన గదిలో నేల మీద చతికిలబడి, బల్ల కిందికి వంగి బతిమాలుతున్నారు. నన్ను చూసి లేచి, "వాళ్ళమ్మ నూరిపోసిందండీ. లేకపోతే నా కూతురు నన్ను చూసి దాక్కోవడమేంటి?" అన్నారు. మాధవి వరండాలో ఉంది. "నేనేం చెప్పలేదండీ. పొద్దున్నే జడలేసి నేనే తీసుకొచ్చా. ఆడుకోడానికి గవ్వలు కూడా నేనే ఇచ్చి పంపా," అంది. మా వృత్తిలో ఇలాంటి రెండు మాటలూ రోజూ వినేవే. రెండూ నిజమని నమ్ముతూనే మొదలుపెట్టాలి.

నాకొక అలవాటు ఉండేది. జంటలో ఎవరు నా ముందు కూర్చున్నా, పెళ్ళిలో బిందెలో ఉంగరం ఎవరు తీశారని అడిగేదాన్ని. మన పెద్దవాళ్ళు పెళ్ళితంతులోనే ఆట పెట్టారు. అంతవరకూ ముఖపరిచయం కూడా సరిగా లేని ఇద్దరి చేతులు ఒకే బిందెలో పెట్టించి పోటీకి దింపారు. మంత్రాలకు కుదరని చనువు ఆ నీళ్ళలో కుదిరేది. పోట్లాడుకుని వచ్చినవాళ్ళు కూడా ఈ ప్రశ్నకు ఒక్క క్షణం మెత్తబడతారు. మాధవి మాత్రం మెత్తబడలేదు. "నేనే తీశానండీ. ఆయన వదిలేశారు. ఉంగరం ఆయన వేళ్ళకి తగిలింది, నాకు తెలుసు. అన్నిట్లోనూ అంతే. నీ ఇష్టం అంటారు. గొడవపడదామన్నా గొడవపడరు. గోడతో కాపరం చేసినట్టుండేది," అంది.

ఆ రోజు పాప బల్ల కింది నుంచి రాలేదు. సమయం అయిపోయింది. నివేదికకు మరో నాలుగు వారాలు గడువు తీసుకున్నాను.

రెండు వారాలకు వచ్చిన శనివారం పాప ముభావంగానే వచ్చి కూర్చుంది. నేను మూలన కుర్చీలో ఉన్నాను. అలాంటప్పుడు కౌన్సెలర్ కల్పించుకోకూడదు, గది సామానులో ఒకటిగా ఉండిపోవాలి. సురేష్ గారు నేల మీద సుద్దతో అష్టాచెమ్మా గళ్ళు గీశారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. గవ్వలు వేసి, పడిన పందేన్ని బట్టి కాయల్ని బయటి గళ్ళ చుట్టూ నడిపించి, లోపలి గళ్ళలోకి మళ్ళించి, నడిమి గడికి చేరిస్తే కాయ పండినట్టు. ఎదుటివాళ్ళ కాయ ఉన్న గడిలోకి మనం వెళ్తే దాన్ని చంపొచ్చు. అది మళ్ళీ మొదటికి పోతుంది. ఒక్క కాయనైనా చంపనివాళ్ళు లోపలి గళ్ళలోకి వెళ్ళకూడదని చాలా ఇళ్ళలో కట్టుబాటు.

సురేష్ గారికి చంపే పందెం పడింది. ఆయన వేరే కాయ జరిపారు. కాసేపటికి మళ్ళీ పడింది. ఈసారి చూడనట్టు నటించి, తన కాయనే కూతురి కాయకు చిక్కేలా పెట్టారు. పాప దాన్ని చంపలేదు. తలెత్తి చూసింది.

"నాన్నా, నువ్వు తొండి."

"నేనేం తొండి ఆడానే? నువ్వేగా గెలుస్తున్నావు!"

"కావాలని ఓడిపోతున్నావు. అది తొండే. చంపకపోతే లోపలికెట్టా వస్తావు? ఊరికే చుట్టూ తిరుగుతున్నావు." గవ్వలు కింద పెట్టేసింది. "నేనేం అరటిపండుని కాదు. అందుకే నీతో ఆడను."

అరటిపండు అంటే మనవైపు ఆటల్లో ఉన్నా లెక్కలో లేని పిల్ల. అక్క వెంటబడి వచ్చిన పసిదాన్ని పొమ్మనలేక చేర్చుకుంటారు. పరిగెత్తవచ్చు, అరవవచ్చు, దొరికినా అవుటు కాదు. నేను ఉబ్బసం పిల్లని. బడికి పంపితే తట్టుకోలేనని మా నాన్నగారు ఇంట్లోనే చదువు చెప్పి, ప్రైవేటుగా పరీక్షలు కట్టించారు. నాకు ఈ ఉద్యోగం ఆయన పెట్టిన భిక్షే. సాయంత్రాలు వీధి పిల్లలు నన్నూ ఆటకు పిలిచేవాళ్ళు, అరటిపండుగా. వాళ్ళది మంచితనమే. కానీ నన్ను పట్టుకోవడానికి ఎవరూ పరిగెత్తేవాళ్ళు కాదు. అందుకని ఆ పాప మాట నాకు వెంటనే అర్థమైంది. తండ్రికి అర్థం కాలేదు.

ఇద్దరిలో ఒకరితో విడిగా మాట్లాడే అధికారం మాకుంది. పాప వెళ్ళాక ఆయన్ని కూర్చోబెట్టి, వచ్చేసారి గెలవడానికి ఆడమన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది.

"ఏం మాట్లాడుతున్నారండీ మేడమ్? నాకు దొరికేది నెలకి రెండు పూటలు. దాన్ని ఏడిపించి పంపమంటారా? గెలిస్తే ఏడుస్తుందండీ, దాని సంగతి నాకు తెలుసు. ఏడిస్తే మీరు అదే రాస్తారు. వాళ్ళ లాయరుకి అది చాలు."

ఆయన భయం అకారణం కాదు. ఏడిస్తే ఏడ్చిందనే రాస్తానని, అయితే ఎందుకు ఏడ్చిందో కూడా రాస్తానని చెప్పాను. అంతకుమించి మాట ఇచ్చే అధికారం నాకు లేదు. ఆయన లేచి వెళ్ళిపోయారు. ఆ రెండు వారాలూ పొద్దున దీపం దగ్గర ఆ కుటుంబం పేరు చెప్పుకున్నాను. అది నా సొంత వ్యవహారం, ఆఫీసుకు సంబంధించింది కాదు.

గడువులో చివరి శనివారం వచ్చింది. ఆట సగమయ్యాక పాప కాయ ఒకటి బయటి గళ్ళన్నీ తిరిగి, లోపలికి మళ్ళే గడి ముందు ఆగి ఉంది. తండ్రి గవ్వలు వేశారు. నాలుగూ వెల్లకిలా పడ్డాయి, చెమ్మ, అంటే నాలుగు గళ్ళు. సరిగ్గా పాప కాయ ఉన్న గడికి చాలిన పందెం. ఆయన చెయ్యి కాయ మీద ఆగింది. నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. ఆయన కాయ జరిపి కూతురి కాయను తీసి పక్కన పెట్టి, "చచ్చింది," అన్నారు.

పాప బావురుమంది. గవ్వలు విసిరికొట్టింది. "పో! నువ్వసలు మంచోడివి కాదు!" అంది. అద్దం తలుపు అవతల మాధవి లేచి నిలబడింది. ఆమె లాయరు కూడా లేచి, తలుపు తీసి, పాప ఏడుస్తోంది, ఈ సంగతి రికార్డు చేయండి మేడమ్ అన్నారు. సురేష్ గారు తల వంచుకుని కూర్చున్నారు. ఇక అయిపోయిందని ఆయన అనుకున్నట్టు చూస్తేనే తెలుస్తోంది.

మాధవి లోపలికి వచ్చింది. పాప పరుగెత్తి వెళ్ళి, "అమ్మా, నాన్న నా కాయ చంపేశాడు! పండబోతోందే!" అని చెప్పుకుంది. మాధవి నేల మీది గళ్ళకేసి చూసింది. తర్వాత కూతురి ముక్కు తుడిచి, "మరి దాన్నొక్కదాన్నీ అక్కడెందుకు వదిలావే? ఇంట్లో నాతో ఆడేటప్పుడు వదులుతావా? పో, నీ పందెం నువ్వు వెయ్యి," అంది. లాయరు వైపు తిరిగి, "అది ఆటలో ఏడుపండీ. రాయించకండి," అంది.

పాప బల్ల కిందికి దూరింది. ఈసారి గవ్వలు ఏరడానికి. తిరిగొచ్చి తండ్రి ఎదుట కూర్చుని, "నీకుందిప్పుడు," అంది. సమయం దాటినా లేవలేదు. మస్తాన్‌బీ గారు రెండుసార్లు తలుపు తట్టాల్సి వచ్చింది.

నేను చూసింది చూసినట్టు రాశాను, ఏడుపుతో సహా. విచారణ రోజున మాధవి, ఇద్దరూ ఒప్పుకున్నట్టు కోర్టుకిచ్చే ఉమ్మడి మెమో మీద సంతకం చేసింది. శనివారం రాత్రులు తండ్రి దగ్గర ఉండటానికి అనుమతి వచ్చింది. ఆ దంపతులు కలవలేదు. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నారు.

ఈ కేసు నాకు నేర్పింది ఇంతే. ఆటలో ఎదుటివాళ్ళను లెక్కలోకి తీసుకోవడమే వాళ్ళకు ఇచ్చే మర్యాద. గీత గీసుకుని, ఒక కట్టుబాటుకు ఒప్పుకుని, ఓడినా మళ్ళీ వచ్చి ఎదురుగా కూర్చోవడం మనిషి చిన్నప్పుడు ఆటలోనే నేర్చుకోవాలి. పెద్దయ్యాక బేరాలు, ఎన్నికలు, మా కోర్టు కూడా ఆ అలవాటు మీదే నడుస్తాయి. పిల్లలు ఓటమికి ఏడుస్తారు కానీ దాన్ని భరిస్తారు. తమను లెక్కలో నుంచి తీసేయడాన్ని భరించరు.

చదివినవారికి ఒక మనవి. ఆ రోజు మాధవి ఒక్క మాట అనకుండా ఊరుకున్నా కేసు ఆమె వైపే మొగ్గేది. గెలిచే పందెం చేతిలో ఉండి కూడా ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మీరు దీపం పెట్టుకునే వేళ, ఏ దేవుడికి పెట్టినా సరే, ఆమెను ఒక్కసారి తలుచుకోండి.