మామ్మ నేర్పడం మరిచిన పాఠం

మా మామ్మ లవినియా మూడో తరగతి మధ్యలో బడి మానేసి చాపలల్లడానికి కూర్చుంది. అలాంటి మామ్మ కోసం ఒక విశ్వవిద్యాలయం కారేసుకుని వచ్చింది. టోంగా దీవుల బడుల్లో పాఠాలు చెప్పడానికి వెళ్ళే అమెరికా కుర్రాళ్ళకు మా భాష, మర్యాదలు నేర్పాలట. ఆ రోజు నుంచి, టోంగా వదిలి వలసొచ్చి మేముంటున్న లాయియే ఊళ్ళో మామ్మ నడకే మారిపోయింది. చేపలమ్మే ఆవిడతో బేరమాడేటప్పుడు కూడా "మా విశ్వవిద్యాలయంలో" అని మొదలుపెట్టేది. తర్వాత నేనూ ఏడో తరగతితోనే ఆగిపోయాను కాబట్టి నవ్వకూడదు. అయినా నవ్వుతాను.

ఆమె శిష్యుల్లో రసెల్ అని ఒకడు. నెబ్రాస్కా మొక్కజొన్న చేలల్లోంచి వచ్చాడు, గుమ్మానికి తల కొట్టుకునేంత పొడుగు. వాడిని పంపాలనుకున్నది మామ్మ పుట్టిన దీవికే. ఆమె ఇరవై ఏళ్ళుగా చూడని చెల్లెలు అక్కడే ఉంది. చెల్లెలి మనవలు చదివే బడిలో లెక్కల మాష్టారు లేడు. అందుకే మామ్మ వాడి కోసం నడుముకు చుట్టుకునే చాప అల్లడం మొదలుపెట్టింది. అది లేకుండా పెద్దల ముందుకు వెళితే మావాళ్ళ దృష్టిలో దిసమొలతో వెళ్ళినట్టే.

"కూర్చున్నవాళ్ళ ముందు నుంచి పోయేటప్పుడు వంగాలి నాయనా."

"వంగాను కదా మామ్మా."

"అది వంగడమా? కొబ్బరిచెట్టుకి గాలి తగిలినట్టుంది. ఇంకా వంగు."

మూడు నెలలయ్యాక చివరి పరీక్ష వచ్చింది. ఊళ్ళోని టోంగా పిల్లలం ఇరవైమందిమి. రసెల్ మాకు మా భాషలో భిన్నాలు చెప్పాలి. నెగ్గితే దీవికి, లేకపోతే ఇంటికి. ప్రొఫెసర్ హార్లన్ నోటుపుస్తకం పట్టుకుని వెనక కూర్చున్నారు, పక్కనే మామ్మ. నేర్పినవాళ్ళు పరీక్షలో ఉన్నవాడితో ఒక్క ముక్క మాట్లాడకూడదని నియమం.

రసెల్ నల్లబల్ల మీద రొట్టెపండు గీసి నాలుగు ముక్కలు చేశాడు. చక్కగా చెప్పాడు. "అర్థమైందా?" అన్నాడు. అందరం అవునన్నాం. వాడు మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అవునన్నాం. మూడోసారి ఎత్తుకునేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

సంగతేమిటంటే, అవుననడానికి మేం నోరు తెరవం, కనుబొమలెత్తుతాం. పాఠం చెప్పేటప్పుడు మామ్మ ప్రతిమాటా నోరారా పలికేది, అందుకని వాడికి ఇది తెలిసే వీల్లేకపోయింది. ఊపిరి పీల్చడం ఎవరైనా పనిగట్టుకుని నేర్పుతారా?

"పోనీ, ఆపేయమంటారా?" అన్నాడు పాపం. అందరం ఆశగా కనుబొమలెత్తాం. వాడు నాలుగోసారి మొదలుపెట్టాడు. హార్లన్ ఏదో రాసుకుంటున్నారు. మామ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఉన్నట్టుండి వెనకనుంచి ఆమె గొంతు వినిపించింది. "ఒసే పిసిలా, పొద్దున చిలగడదుంప తిన్నావా?"

నేను వెనక్కి తిరిగి కనుబొమలెత్తాను.

"లవినియా గారూ, నియమం," అన్నారు హార్లన్.

"మీ కుర్రాడితో మాట్లాడానాండీ? నా మనవరాలితో మాట్లాడుకుంటున్నా. ఇటు కాదే, మాష్టారి వైపు తిరిగి చెప్పు. పళ్ళు తోముకున్నావా?"

ఎత్తాను.

"చర్చి విందుకని దాచిన గొడ్డుమాంసం డబ్బా ఖాళీ చేసింది నువ్వేనా?"

నా కనుబొమలు నా మాట వినవు. లేచిపోయాయి.

గది గొల్లుమంది. రసెల్ మాత్రం నవ్వలేదు. సుద్దముక్క పట్టుకుని నా నుదుటి వంకే చూస్తున్నాడు. తర్వాత మెల్లగా అందరివైపూ తిరిగాడు.

"నాలుగింట మూడొంతులు సగం కంటే తక్కువా?"

ఎవరూ కదల్లేదు.

"ఎక్కువా?"

ఇరవై జతల కనుబొమలు ఒక్కసారిగా లేచాయి. వాడివీ లేచాయి, దాదాపు జుట్టులోకి. బల్ల తుడిచి కొత్త లెక్క వేశాడు. గంట కొట్టేలోగా మాచేత భిన్నాలు కూడించేశాడు.

సాయంత్రం గోడకంటించిన నెగ్గినవాళ్ళ జాబితాలో వాడి పేరు చివరినుంచి రెండోది. మామ్మ ఆ చాప వాడి నడుముకు తనే చుట్టి, "నా చెల్లెలి ముందైనా సరిగ్గా వంగు," అంది.

నెలరోజులు ఇంట్లో గిన్నెలన్నీ నేనే తోమాను. నాలుగు నెలలకు దీవినుంచి పార్సెల్ వచ్చింది. అందులో మామ్మకు చెల్లెలు అల్లిన విసనకర్ర ఉంది. నాకు రసెల్ పంపిన గొడ్డుమాంసం డబ్బా ఉంది.

మామ్మ రెండూ తన పెట్టెలో పెట్టి తాళం వేసింది.