పొట్టులో బూజు లెక్క

రాయదుర్గం మెట్రో దిగి పది నిమిషాలు నడిస్తే మా ఆఫీసు. బిల్డింగంతా సాఫ్ట్‌వేర్ కంపెనీలే, మా అంతస్తులో మాత్రం ట్రేల నిండా బూజు. గోధుమ పొట్టును తడిపి, ఆవిరి పట్టి, దానిమీద బూజు పెంచి, పశువుల దాణాలో కలిపే ఎంజైమ్ తీస్తాం. ఆ బూజు రోజుకెంత పెరిగిందో కొలవడం నా పని.

చెప్పినంత తేలిక కాదది. బూజు పొట్టు లోపలికంటా అల్లుకుపోతుంది, విడదీసి తూకం వేయలేం. అందుకే చిటికెడు పొట్టును యాసిడ్‌లో ఉడికించి, బూజులో ఉండి పొట్టులో ఉండని ఒక పదార్థాన్ని రంగు తెప్పించి కొలిచేదాన్ని. రంగు ఎంత ముదిరితే బూజు అంత ఉన్నట్టు.

మా మేనేజరు సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినాయన. ట్రేల మీద కెమెరాలు పెట్టించి, తెలుపు ఎంతుంటే పెరుగుదల అంత అని ప్రోగ్రాం రాయించారు. తెల్లనివన్నీ పాలనుకునే మనిషి. ఐదో రోజు బూజు బీజాలు కట్టి పచ్చబడగానే కెమెరా లెక్క పడిపోయేది. "చచ్చిపోయిందండి, పారేయండి" అనేవారు. చేను పండి పసుపు తిరిగితే పైరు చచ్చిందంటారా అని నాకు ఒళ్లు మండేది.

నా కొలతలో పచ్చ ట్రేలోనే బూజు ఎక్కువుంది. అది నిరూపిద్దామని బూజు వేయని ఉత్త పొట్టునూ ఆయన ముందే కొలిచాను. రంగు రాకూడదు. వచ్చింది, అదీ బాగానే.

"వేయని బూజును కూడా కొలుస్తున్నారన్నమాట" అని నవ్వారాయన. ఇంకొక్క బ్యాచ్ చూసి, అప్పుడూ ఇంతే అయితే కొలతలు కెమెరాకే వదిలేద్దామన్నారు. అంటే నా ఉద్యోగం పోయినట్టే. ఏడుపు రాలేదు గానీ కోపంతో ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు ట్రేలు కడిగే అక్క పొట్టు బస్తా విప్పుతూ నన్ను పిలిచింది. ఆమె ఇక్కడి ఊళ్లోనే పుట్టి పెరిగింది.

"మేడం, జర ఇటు జూడు. గీ పొట్టు నిండ పెంకుపురుగులే. మా ఇంట్ల జల్లెడ పట్టకుంట బర్రెకు గూడ వెయ్యం."

బస్తా పక్కనే కూర్చుని గుప్పెడు పొట్టు తీసి చూశాను. నేను కొలిచే పదార్థం పురుగు పెంకులోనూ ఉంటుంది. చదువుకున్న సంగతే. ఆవిరికి పురుగు చస్తుంది, పెంకు ఎక్కడికి పోతుంది? నెలల తరబడి నిల్వ ఉన్న పొట్టును ఒక్కసారైనా జల్లించని తెలివి మా అందరిదీ, ముందుగా నాది.

ఆ సాయంత్రమే ఇద్దరం మూసాపేట వెళ్లాం. పిండిమర దగ్గర నిలబడి అప్పుడే ఆడిన గోధుమల పొట్టు తెచ్చాం. అక్క మళ్లీ జల్లించింది. కొత్త బ్యాచ్ వేశాను.

ఆరో రోజు ఆయన్ని నా బల్ల దగ్గర నిలబెట్టి మూడు గాజు గొట్టాల్లో రంగు మందు పోశాను. ఉత్త పొట్టుది నీళ్లలాగే ఉండిపోయింది. మూడో రోజు ట్రే తెల్లగా ఉండగా తీసి దాచిన పొట్టుది లేత గులాబీ. ఐదో రోజు అదే ట్రే పచ్చబడ్డాక తీసినది ముదురు గులాబీ.

"ఇంకోసారి చేయండి" అన్నారు. చేశాను. అదే వచ్చింది.

గుమ్మం దగ్గర నుంచి అక్క అడిగింది, "ఇగ ఏమంటరు సారు?"

ఆయన గొట్టాలను వెలుతురుకెత్తి చూశారు. "ఇకమీదట మీరు సంతకం పెట్టందే కెమెరా లెక్క బయటికి వెళ్లదండి" అన్నారు.

"అక్క చూడందే పొట్టు బస్తా కూడా లోపలికి రాదు సార్" అన్నాను. ఆయన ఒప్పుకునేదాకా అక్కడి నుంచి కదల్లేదు.