బ్లాస్టింగు, బర్రె, బిట్‌కాయిన్

మా ఇంట్లో ఒక మే నెల కూలర్ లేకుండా గడిచింది. ఆ ఘోరానికి కారణం ప్రపంచ ఆర్థిక వ్యవస్థ అని నేను, ఒక బర్రె అని ఖాజా కాక, తన కొడుకే కారణమని అమ్మ ఇప్పటికీ వాదించుకుంటున్నాం. తీర్పు మీరే చెప్పండి. నవ్వడం మాత్రం నా వెనకాల నవ్వండి.

అప్పట్లో నేను ఎంబీఏ పూర్తి చేసి, బొగ్గు గని కార్మికుల సెంటినరీ కాలనీలో మా బాపు క్వార్టర్‌లో మంచం మీద పడుకుని ఉద్యోగం కోసం తీవ్రంగా కృషి చేస్తున్నాను. ఆ కృషిలో ఫోన్‌లో ఒక యాప్ తగిలింది. ఐదు నిమిషాల తర్వాత బిట్‌కాయిన్ ధర ఇప్పటికంటే పైకి ఉంటుందా, కిందికి ఉంటుందా? అంతే ప్రశ్న. సరిగ్గా చెబితే పెట్టింది ఇంచుమించు రెట్టింపు, తప్పితే సున్నా. ఎంబీఏలో ఇంత తేలిక పేపర్ నాకెవరూ ఇవ్వలేదు.

కొన్నాళ్లు చిల్లరతో ఆడి ఒక మహా సత్యం కనిపెట్టాను. మధ్యాహ్నం పక్కనున్న ఓపెన్‌కాస్ట్ గనిలో సైరన్ మోగి, బండలు పేల్చే బ్లాస్టింగ్ జరిగి, మా కిటికీలు అదిరిన ప్రతిసారీ బిట్‌కాయిన్ లేచింది. ఎందుకని అడక్కండి. పరిశోధకుడు అన్నిటికీ జవాబు చెప్పలేడు.

అంతలో అమ్మ కూలర్ డబ్బులు నా ఖాతాలో వేయించింది. అండర్‌గ్రౌండ్ గనిలో బాపుది నైట్ షిఫ్టు. బ్లాస్టింగుకు లేవని మనిషి, పగటి ఉక్కకు మాటిమాటికీ లేచి కూర్చుంటున్నాడు.

"నిద్ర లేకుండ గనిల దిగితే ఎట్లరా? ఇయ్యాల కూలర్ ఇంట్ల ఉండాలె," అంది అమ్మ.

"రెండు తెస్త."

"ఒక్కటి తే చాలు."

సైరన్ మోగింది. మొత్తం డబ్బు 'పైకి' మీద పెట్టి వాకిట్లోకి వచ్చాను. ధర కొంచెం దిగింది. బ్లాస్టింగ్ లేదు. ఇంకొంచెం దిగింది. బ్లాస్టింగ్ లేదు. గేటు దాకా వెళ్లి చెవులు రిక్కించాను.

పక్క క్వార్టర్ ఖాజా కాక, బండ్ల మెకానిక్, ఎదురొచ్చాడు.

"కాకా, ఇంక పేలుతలేదేంది?"

"ఎవలదో బర్రె గనిల జొర్రిందట. ఎల్లగొట్టేదాంక ఆపిన్రు."

"జల్ది ఎల్లగొట్టుమనరాదు!"

"నీదా?"

"కాదు."

"మరి నీకేం ఫికర్‌రా?"

"నా బతుకంత దాని మీదనే ఉన్నది కాకా!"

కాక నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "ఎండ కొట్టింది నీకు. లోపలికి నడువు."

ఫోన్ చూపించాను.

"గీ గీత కిందికే పోతున్నది గద బిడ్డా?"

"బ్లాస్టింగ్ అయితే లేస్తది!"

"ఎవడు చెప్పిండు?"

ఆ పరిశోధకుడు ఎదురుగానే ఉన్నాడని చెప్పే ధైర్యం చాలలేదు.

ఐదు నిమిషాలు అయిపోయాయి. ఖాతాలో సున్నా, కోడిగుడ్డంత నిండుగా. ఆ తర్వాత బర్రె తీరిగ్గా బయటికి వచ్చింది. బ్లాస్టింగ్ జరిగింది. కిటికీలు అదిరాయి. బిట్‌కాయిన్ లేచింది! నా సిద్ధాంతం అక్షరాలా నిజమైంది. ఆ ఆనందం పంచుకోవడానికి ఇంట్లోకి తొంగిచూస్తే, బాపు తడి తువ్వాల మెడ మీద వేసుకుని మంచం అంచున కూర్చున్నాడు. రాత్రికి ఆయన గనిలోకి దిగాలి. ఈ కథలో నాకు ఇప్పటికీ నవ్వు రాని చోటు అదొక్కటే.

"కూలరేది?" అంది అమ్మ.

చెప్పాను. అమ్మ అటక మీది విసనకర్ర దులిపి నా చేతిలో పెట్టింది.

"కూసో. ఆయన పండుకున్నంత సేపు ఇసురు."

ఆ ఎండలు తగ్గేదాకా విసిరాను. బాపు కళ్లు తెరవకుండానే, "జర పైకి... ఆఁ, ఇప్పుడు కిందికి," అని గురకలోకి జారిపోయేవాడు.

కనుక, కుడి భుజం నొప్పి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ లోకంలో ఏది పైకి పోతుందో, ఏది కిందికి పోతుందో ఇక నా నోటితో చెప్పను. ఎవరైనా చెబితే, చెప్పిన వైపు విసురుతాను.